గ్యాస్ నొప్పి అనుకున్నాం, గుండెపోటట.. ముందు ఎక్కడికి వెళ్లాల్సింది?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. అనంతపురం నుంచి వచ్చిన మా నాన్నగారికి (62 ఏళ్లు, షుగర్ ఉంది) ఒక రాత్రి ఛాతీ పట్టేసి చెమటలు పోశాయి. గ్యాస్ అనుకుని మాత్ర వేశాం. తగ్గకపోతే ఊళ్లో డాక్టరుగారికి ఫోన్ చేశాం. తెల్లారాక క్లినిక్‌కు, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. గుండెపోటని స్టెంట్ వేశారు. ఇప్పుడు కులాసాగా ఉన్నారు. ఆలస్యం ఎక్కడ జరిగింది?

సమాధానం: నాన్నగారు కోలుకున్నందుకు చాలా సంతోషం. మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఎమర్జెన్సీకి వచ్చేవాళ్లలో చాలామంది ఇలా రెండు మూడు చోట్ల తిరిగి వచ్చినవాళ్లే.

ఆలస్యం మొదటి మాత్ర దగ్గరే మొదలైంది. బామ్ రాయడం, సోడా తాగించడం, వాము నమిలించడం మన ఇళ్లలో మామూలే. కాస్త త్రేన్పు వచ్చి హాయిగా అనిపించినంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. ఆ సంగతి ఈసీజీ తీస్తే గానీ తెలియదు, ఒక్కోసారి రక్తపరీక్షా కావాలి. షుగర్ ఉన్నవాళ్లకు అసలు నొప్పే రాకపోవచ్చు. ఆయాసం, చెమట, వాంతి, విపరీతమైన నీరసం, అంతే.

ఊళ్లో డాక్టరుగారి హస్తవాసి మీద మీ నమ్మకం నాకు తెలుసు. అయితే ఆయన ఫోన్లో ఈసీజీ తీయలేరు కదా! ఆయనకు దారిలో ఉండగా ఫోన్ చేసి, నాన్నగారు వాడే మందుల పేర్లు అడగండి. అవి ఎమర్జెన్సీలో చూసే డాక్టర్లుగా మాకు చాలా అవసరం.

ఇలాంటి లక్షణాలుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. మనిషిని మెట్లు దింపి నడిపించకండి. 24 గంటలూ క్యాథ్‌ల్యాబ్ (మూసుకున్న గుండె రక్తనాళాన్ని తెరిచి స్టెంట్ వేసే గది) నడిచే ఆసుపత్రి అయితే మంచిది. అక్కడికి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి, పెద్ద గుండెపోటైతే 90 నిమిషాల్లోపు మూసుకున్న రక్తనాళం తెరవాలి. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో అంతదూరం కష్టమనిపిస్తే, ఎమర్జెన్సీ ఉన్న దగ్గరి ఆసుపత్రికే వెళ్లండి. రక్తనాళంలోని గడ్డ కరిగించే ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి పెద్దాసుపత్రికి పంపొచ్చు. జయనగర్ వైపు ప్రభుత్వ జయదేవ హృద్రోగ సంస్థ ఉంది. డబ్బు టెన్షన్‌తో ఆగకండి. ప్రాణాపాయంలో ఉన్నవారికి ప్రైవేటు డాక్టరైనా సరే ముందు చికిత్స చేయాల్సిందేనని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా ఇంతే తొందర కావాలి. పక్షవాతానికి గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దానికి ముందు తలకు స్కాన్ తీయాలి.

నాన్నగారు అనంతపురం తిరిగి వెళ్లాక, ఒంట్లో బాగుందని స్టెంట్ మాత్రలు (స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చేవి) ఆపేయకుండా చూసుకోండి. కార్డియాలజిస్టు చెప్పేదాకా ఒక్క పూట కూడా మానకూడదు.