మూడుల్ పెట్టుకున్నాం, ఇప్పుడు ఏ ప్లగిన్లు వేసుకోవాలి?

కొత్తగా మూడుల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకున్నామని, 40 మంది విద్యార్థులు, ఇద్దరు టీచర్లు ఉన్నారని, సర్వర్ కూడా మీరే చూసుకుంటున్నారని రాశారు. ప్లగిన్లు, అంటే దానికి అదనపు సౌకర్యాలు జోడించే చిన్న ప్రోగ్రాములు, చూస్తే వేలల్లో ఉన్నాయి, దేనితో మొదలుపెట్టాలి అన్నది మీ ప్రశ్న. నేను ఆరేళ్లుగా ఆన్‌లైన్‌లో స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. మొదటి మూడు నెలలు బయటి ప్లగిన్ (మూడుల్‌తో పాటు రానిది) ఒక్కటి కూడా వేయకండి అంటాను.

ఇలా ఎందుకంటున్నానో చెబుతాను. మొదటి ఏడాది నేను 14 ప్లగిన్లు వేశాను. పేజీ అందంగా కనబడటానికి ఒకటి, పిల్లలకు పాయింట్లు ఇవ్వడానికి ఒకటి, ఇలా. వాటిలో ప్రశ్నలు తయారుచేసే ప్లగిన్ ఒకటి నాకు తెగ నచ్చింది. దాంతో 80కి పైగా లెక్కలు రాసుకున్నాను. ఏడాదిన్నర తర్వాత మూడుల్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాల్సి వచ్చింది. అప్పటికే ఆ ప్లగిన్ రాసినవారు దాన్ని వదిలేశారు, కొత్త వెర్షన్‌లో అది పనిచేయదు. నేను ముందుగా చూసుకోలేదు. పరీక్ష వారం రోజులుందనగా, ప్రశ్నలు దాచుకునే క్వశ్చన్ బ్యాంక్ తెరిస్తే, ఆ ప్రశ్నలన్నీ ‘ఈ రకం ప్రశ్న ఈ సైట్‌లో లేదు’ అన్నట్టు కనిపించాయి. ఆ వారం పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

చివరికి వాటిని మూడుల్‌తో పాటే వచ్చే ‘క్యాలిక్యులేటెడ్’ రకంలో మళ్లీ రాశాను. అందులో అంకెల స్థానంలో గుర్తులు పెట్టి, జవాబుకు సూత్రం ఇస్తాం. ఏ గుర్తుకు ఎంత నుంచి ఎంత వరకు విలువలు రావచ్చో చెబుతాం. లెక్క ఒకటే అయినా ఒక్కొక్కరికి వేర్వేరు అంకెలు వస్తాయి కాబట్టి, పక్కవాళ్ల జవాబు చూసి రాసినా లాభం ఉండదు. అంకెలు మారుతూ ఉండే లెక్కలే ఎక్కువ కావడంతో నా 80 ప్రశ్నలు 22కి తగ్గాయి. నాకు కావాల్సింది మొదటి రోజు నుంచీ అందులోనే ఉంది, నేనే వెతకలేదు.

అప్పటి నుంచి ఏ ప్లగిన్ వేయాలన్నా ముందు మూడుల్ ప్లగిన్ల డైరెక్టరీలో దాని పేజీ చదువుతాను. చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు, మనం వాడే వెర్షన్‌కు సరిపోతుందా అన్నవి అక్కడే తెలుస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, రేపు దీన్ని తీసేస్తే నేను ఇందులో తయారుచేసుకున్నవి ఏమవుతాయి అని ఆలోచిస్తాను. పేజీ రూపం మార్చే ప్లగిన్ పోతే రూపమే పోతుంది. ప్రశ్నలో, మార్కులో దాచుకునే ప్లగిన్ పోతే మన శ్రమంతా పోతుంది. ఎలాంటిదైనా ముందు సైట్ కాపీ ఒకటి పెట్టుకుని అందులో వేసి చూడండి, బ్యాకప్ లేకుండా అసలు సైట్‌ను ముట్టుకోకండి.

ఇక హెచ్5పీ, అంటే ప్రశ్నలున్న వీడియోల్లాంటి ఇంటరాక్టివ్ పాఠాలు తయారుచేసే సాధనం. దీనికోసం వేరే ప్లగిన్ అవసరం లేదు, 2020లో వచ్చిన మూడుల్ 3.9 నుంచి కంటెంట్ బ్యాంక్‌లోనే తయారుచేసుకోవచ్చు. నేను ఎక్కువగా వాడేది ఇంటరాక్టివ్ వీడియో. వీడియో నడుస్తూ ఒకచోట ఆగి ప్రశ్న అడుగుతుంది. మొదట్లో ఉత్సాహం కొద్దీ నిమిషానికో ప్రశ్న పెట్టాను. పిల్లలు విసుగొచ్చి, ఏదో ఒకటి నొక్కి ముందుకు వెళ్లిపోయారు. తర్వాత 25 నిమిషాల వీడియోను మూడు ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో రెండే ప్రశ్నలు ఉంచాను, అవి కూడా సాధారణంగా తప్పు చేసే చోట్ల. ఉదాహరణకు, మీడియన్ (మధ్యలో వచ్చే విలువ) కనుక్కునే ముందు అంకెలను వరుసలో పెట్టడం చాలామంది మర్చిపోతారు. దాన్ని వివరించడానికి ముందే ప్రశ్న వస్తుంది. తప్పు చేసిన వెంటనే వివరణ వింటే అది మనసులో నిలుస్తుందని నా అనుభవం. చదివిందే మళ్లీ చదవడం కంటే గుర్తు తెచ్చుకుని జవాబు రాయడం వల్ల వారం తర్వాత ఎక్కువ గుర్తుంటుందని 2006లో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగాల్లో తేలింది. అందుకే చిన్న చిన్న క్విజ్‌లను నేను మార్కుల కోసం కాకుండా నేర్చుకోవడం కోసమే పెడతాను.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పనిసరి. హెచ్5పీలో సరైన జవాబులు విద్యార్థి బ్రౌజర్‌లోకే వచ్చేస్తాయి. కొంచెం తెలిసినవాళ్లు వాటిని బయటికి తీయగలరు. సాధనకు ఎంతైనా వాడండి, మార్కులు వేసే పరీక్షను మాత్రం మూడుల్ క్విజ్‌లోనే పెట్టండి.

లైవ్ క్లాసులకు బిగ్‌బ్లూబటన్ 2022లో వచ్చిన 4.0 నుంచి మూడుల్‌లోనే ఉంది. వైట్‌బోర్డు, పోల్స్, చిన్న గ్రూపులుగా విడగొట్టే సౌకర్యం అన్నీ ఉన్నాయి. క్లాసు నడిచే సర్వర్ మాత్రం మూడుల్ సర్వర్ కాదు, దాన్ని వేరుగా ఏర్పాటు చేసుకోవాలి. మీరు ఒక్కరే చూసుకుంటున్నారు కాబట్టి, ఇప్పటికే వాడుతున్న వీడియో కాల్ ఏదైనా ఉంటే దాని లింక్ కోర్సులో పెట్టుకుంటే చాలు.

చివరగా ఫోన్ సంగతి. మీ పిల్లల్లో చాలామంది మూడుల్ యాప్‌లోనే చదువుతారు. బయటి ప్లగిన్ రాసినవారు యాప్ కోసం ప్రత్యేకంగా ఏర్పాటు చేయకపోతే అది యాప్‌లో సరిగ్గా తెరుచుకోదు. కంప్యూటర్‌లో చూసి బాగుందనుకున్నవి ఫోన్‌లో రావడం లేదని నాకు ఒక విద్యార్థిని చెబితేగానీ తెలియలేదు. పాపం, నెలరోజులు తనకే ఏదో రావడం లేదనుకుంది. అందుకే విద్యార్థి పేరుతో ఒక టెస్ట్ అకౌంట్ పెట్టుకుని, ప్రతి పాఠాన్నీ ముందు ఫోన్‌లో తెరిచి చూడండి. క్విజ్ సెట్టింగుల్లో యాప్‌తో ఆఫ్‌లైన్‌లో రాయనిచ్చే ఆప్షన్ కూడా ఉంది, నెట్ సరిగ్గా లేనివాళ్లకు అది ఎంతో మేలు.

మీ సబ్జెక్ట్ ఏమిటో రాయలేదు. బీజగణితంలా జవాబును సమీకరణంగా రాయాల్సిన సబ్జెక్ట్ అయితే అలాంటి జవాబులను దిద్దే స్టాక్ (STACK) అనే ప్లగిన్ గురించి విడిగా రాస్తాను. మూడు నెలల తర్వాత కూడా నేను వేసుకోమనేది అదొక్కటే.