వైర్లు చుట్టే పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ మొదటి సంవత్సరం. సౌండ్ ఇంజినీర్ అవుతానని సెలవుల్లో ఒక ఆడియో టీమ్ వెంట తిరుగుతున్నాడు. అక్కడ వైర్లు చుట్టడం, సోల్డరింగ్ తప్ప మరో పని ఇవ్వడం లేదట. మాకు టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. మైకుల ధ్వనిని కలిపి సరిచేసే మిక్సర్ దగ్గరికి రానిచ్చే ముందు కేబుళ్లు పట్టిస్తున్నారంటే, పని మొదటి నుంచి నేర్పుతున్నారనే అర్థం. కార్యక్రమం మధ్యలో మైక్ మూగబోతే లోపం ఎక్కడుందో వెంటనే పట్టుకునే మనిషిని ఏ టీమూ వదులుకోదు.

ఆ పనిలో ఎంత విషయం ఉందో చూడండి. మైక్ ఇచ్చే సిగ్నల్ మామూలుగా కొన్ని మిల్లీవోల్టులే. మైక్ కేబుల్ చివర ఉండే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్‌లో 1వ పిన్ షీల్డ్‌కి (వైర్ల చుట్టూ ఉండే లోహపు తొడుగు), 2 హాట్‌కి, 3 కోల్డ్‌కి. హాట్, కోల్డ్ వైర్లు గొంతును ఒకదానికొకటి తలకిందులుగా మోస్తాయి. దారిలో చొరబడే రొద హాట్, కోల్డ్ రెండు వైర్లలోకీ దాదాపు ఒకేలా చేరుతుంది. మిక్సర్ ఆ రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది కాబట్టి రొద పోయి గొంతు మిగులుతుంది. 2, 3 తారుమారైతే ఒక్క మైక్‌తో తేడా తెలియదు. సరైన కేబుల్‌తో ఇంకో మైక్‌ని పక్కనే పెట్టి రెండూ తెరిస్తే గొంతు పీలగా అయిపోతుంది. 1వ పిన్ దగ్గర అతుకు ఊడితే ఇంకో చిక్కు. కరెంటు అందించక్కర్లేని డైనమిక్ మైక్ హమ్‌తోనైనా (గుయ్‌మనే రొద) పలకవచ్చు. 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మిక్సర్ నుంచి అదే కేబుల్ గుండా మైక్‌కి అందే కరెంటు) కావాల్సిన కండెన్సర్ మైక్ మాత్రం పలకదు. తెలియనివాళ్లు మైక్ పాడైందనుకుంటారు!

ఇవన్నీ మీవాడు ఇంట్లోనే సాధన చేయవచ్చు. కనెక్టర్ వెనక తొడుగును ముందే వైర్‌కి ఎక్కించాలి, అతుకు చల్లారేదాకా కదపకూడదు. తర్వాత మల్టీమీటర్‌తో పిన్‌కి పిన్ కలిసిందా, పక్క పిన్‌తో షార్ట్ అయిందా అని కేబుల్‌ని కదుపుతూ చూడాలి. ఎందుకిలా అని అడిగితే మీకు వివరించగలుగుతున్నాడా? అదే అసలు పరీక్ష.

డిగ్రీ మాత్రం ఆపనివ్వకండి. ఈ రంగంలో రాత్రి పనులు ఎక్కువ, మొదట్లో ఆదాయం నిలకడగా ఉండదు. స్టూడియో, ప్రసార సంస్థలు, నాటకశాలలు, లైవ్ కార్యక్రమాలు అన్నిచోట్లా ఈ పనివాళ్లు కావాలి, కానీ కుదురుకోవడానికి సమయం పడుతుంది. కేబుళ్ల మీద పట్టు వచ్చాక కూడా సౌండ్ చెక్‌లో నిలబడనివ్వకపోతే, తనే వెళ్లి అడగమనండి. అప్పటికీ కాదంటే వేరే టీమ్ చూసుకోవచ్చు.