విదేశీ ప్రభుత్వ కంపెనీలు కుమ్మక్కై ధర పెంచితే ఇలాంటి కుమ్మక్కుల్ని విచారించే మన కాంపిటీషన్ కమిషన్ ఏమీ చేయడానికి వీల్లేదా?

అడిగినాయన "వాళ్లకి సార్వభౌమ రక్షణ, అంటే ఒక దేశ ప్రభుత్వాన్ని ఇంకో దేశం విచారించకూడదనే రక్షణ, ఉంటుంది కాబట్టి వీల్లేదు కదా" అని జవాబు కూడా తనే చెప్పేశారు. నేను ఒప్పుకోను. నేను లాయర్ని కాను, మాది గుంటూరులో ఎరువుల షాపు. కానీ ఈ ప్రశ్న మా షాపులో 2012లోనే వచ్చింది.

మిరప తోటలకి పైపాటు ఎరువులు వేసే రోజులు. ప్రత్తిపాడు వైపు నుంచి మాకు పాత ఖాతా రైతు ఒకాయన, నేను బాబాయ్ అంటాను, పొటాష్ కోసం వచ్చాడు. 2010 ఏప్రిల్‌లో కేంద్రం పొటాష్ మీద ధర నియంత్రణ ఎత్తేసేదాకా టన్ను 4,455 రూపాయలు, అంటే బస్తా 223. ఆ రోజు 800 దాటింది. బాబాయ్ నాన్న మీద పడ్డాడు. "ఏందండీ షావుకారు గారూ, రెండేళ్లలో నాలుగింతలా? మిర్చి రేటు అట్టా పెరిగిందా?" నాన్న ఏమీ అనకుండా బస్తా తిప్పి అచ్చు చూపించాడు. ధర, దాని కింద బెలారస్ అని దేశం పేరు. అక్కడ తవ్వేది ఎవరని బాబాయ్ అడిగితే, అదీ గవర్నమెంటు కంపెనీయేనని నేను చెప్పాను.

"మరింకేం, మన గవర్నమెంటోళ్లు ఆ గవర్నమెంటోళ్లని అడగొచ్చుగా!"

అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడుంది. మన దేశానికి కావాల్సిన పొటాష్ దాదాపు అంతా దిగుమతే. ఆ రోజుల్లో బెలారస్ ప్రభుత్వ కంపెనీ బెలారస్‌కాలీ, రష్యా కంపెనీ ఉరల్‌కాలీ కలిసి ఒకే అమ్మకాల సంస్థ ద్వారా ప్రపంచానికి సరుకు అమ్మేవి. 2013 జులైలో ఉరల్‌కాలీ బయటికి వచ్చేసింది, ధరలు పడిపోయాయి. కోపంతో బెలారస్ వాళ్లు ఏం చేశారనుకున్నారు? ఉరల్‌కాలీ అధిపతిని చర్చలకని తమ రాజధాని మిన్స్క్ పిలిపించి, ఆగస్టులో అరెస్టు చేశారు. పొత్తు చెడితేనే ధర తగ్గిందంటే, పొత్తుతో పెరిగిందనే కదా! ఇంతకన్నా రుజువేం కావాలి నాకు?

ఇక చట్టం. 2002 కాంపిటీషన్ చట్టం 32వ సెక్షన్ చూడండి. పని బయటి దేశంలో జరిగినా, దెబ్బ మన మార్కెట్ మీద పడితే కమిషన్ విచారించవచ్చు. ప్రభుత్వ సంస్థ అయినంత మాత్రాన మినహాయింపు లేదు. అణుశక్తి, కరెన్సీ, రక్షణ, అంతరిక్షం లాంటి సార్వభౌమ పనులకే ఆ గొడుగు. మన సొంత ప్రభుత్వ బొగ్గు కంపెనీ కోల్ ఇండియానే 2023లో సుప్రీంకోర్టు ఈ చట్టం నుంచి వదల్లేదు. విదేశాల సంగతంటారా, ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ కూడా ప్రభుత్వ కంపెనీయే. 1992లో బుక్ చేసిన అద్దకపు రంగుల సరుకు ఆలస్యంగా చేరి పాడైందని వినియోగదారుల కేసు పడితే, విదేశీ ప్రభుత్వాల మీద కేంద్రం అనుమతి లేకుండా దావా వేయకూడదనే సివిల్ ప్రొసీజర్ కోడ్ 86వ సెక్షన్ అడ్డం పెట్టింది. వ్యాపారానికి ఆ రక్షణ లేదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే పందొమ్మిదేళ్లు! (మా షాపు సందులో స్థలం గొడవ ఇరవై రెండో ఏడులో ఉంది, అది వేరే సంగతి.)

చమురు ఎగుమతి చేసే దేశాల కూటమి ఒపెక్ మీద కేసు ఉందిగా అంటారు. నిజమే, అమెరికాలో కార్మిక సంఘం వేసిన ఆ దావా 1981లో అప్పీలు కోర్టులో కూడా ఓడిపోయింది. అది దేశాలే కూర్చుని తమ నేలలో చమురు ఎంత తీయాలో తేల్చుకున్న వ్యవహారం. బస్తాలు అమ్ముకునే కంపెనీకి ఆ కిరీటం ఎందుకు పెట్టాలి?

అసలు అడ్డం చట్టం కాదు. ఫిర్యాదు ఎవరైనా చేయొచ్చు, కానీ ఆధారాలుండేది సరుకు దింపుకునేవాడి దగ్గర. వాడికి వచ్చే ఓడ కూడా అక్కడి నుంచే రావాలి. నోరెందుకు తెరుస్తాడు?

మా లింకుల బాధా ఇదే. యూరియా లోడు కావాలంటే, ఎవరూ అడగని జింకు, సూక్ష్మపోషకాల డబ్బాలు కూడా దింపుకోవాలి. అదీ ఈ చట్టం కిందకే వస్తుందని నా వాదన. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఇప్పటికీ లోడు వాళ్లదే. నాన్న కూడా ఎన్నడూ ఫిర్యాదు చేయలేదు, సంతకం పెట్టి దింపుకున్నాడు. అప్పటి జింకు డబ్బాలు నలభై ఇంకా గోడౌన్‌లోనే ఉన్నాయి. వాటి గడువు 2016లో అయిపోయింది.