సంతకం పెట్టమంటున్నారు, పెట్టనా?

ప్రశ్న: అన్నా, మాది నాయుడుపేట. పూందమల్లిలో ఉంటూ శ్రీపెరుంబుదూరు వైపు ఫ్రిజ్‌ల కంపెనీలో బ్రేజింగ్ (రాగి పైపులు అతికించే పని) సెక్షన్లో చేస్తున్నా. పర్మినెంటే, పదేళ్ల 8 నెలల సర్వీసు. లైను మూసేస్తున్నాం అంటూ హెచ్‌ఆర్ వాళ్లు ఒక్కొక్కరినే పిలిచి తమిళంలో ఉన్న కాగితం చేతిలో పెడుతున్నారు. సంతకం చేస్తే వారంలో లక్షన్నర వేస్తారట. నాకు తమిళం మాట్లాడ్డం వచ్చుగానీ చదవడం రాదు. ఇంట్లో అందరికీ టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: పెట్టకు తమ్ముడూ. ముందు ఆ కాగితాన్ని ఫొటో తీసి, చదవడం వచ్చినవాళ్లకి చూపించు. అందులో ‘సొంత విరుప్పం’ అన్న మాట ఉందా అని అడుగు. ఉంటే, నా ఇష్టంతోనే మానేస్తున్నా అని నువ్వే రాసిచ్చినట్టు. అప్పుడది కంపెనీ మూత కాదు, నీ రాజీనామా.

గ్రాట్యుటీ, అంటే సర్వీసుకి బదులుగా మానేటప్పుడు ఇచ్చే డబ్బు, ఎలాగూ ఇచ్చి తీరాలి, ఐదేళ్లు దాటావుగా. బేసిక్, డీఏ కలిపి 13,000 అనుకో, నెలకి 26 పనిదినాల లెక్కన 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 7,500. ఆర్నెల్లు దాటిన ముక్క కూడా ఏడాది కిందే లెక్క కాబట్టి నీకు 11 ఏళ్లు, మొత్తం 82,500. ఆ లక్షన్నరలో ఇది కూడా కలిపేశారేమో నిలదీసి అడుగు (కలిపేశారనే నా అనుమానం). కంపెనీ మూసేస్తే నష్టపరిహారం వేరే ఉంటుంది, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున. రాజీనామా ఇచ్చినవాడికి అదీ రాదు, ఈఎస్‌ఐ నిరుద్యోగ భృతీ రాదు.

ఒక్కొక్కరినే ఎందుకు పిలుస్తున్నారంటావా? 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక చట్టం (పారిశ్రామిక సంబంధాల కోడ్) ప్రకారం 300 మంది, ఆపైన ఉన్న ఫ్యాక్టరీ మూయాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి, ఇదివరకైతే 100 మందికే ఆ రూలు. అంతకంటే చిన్నదైనా 50 మంది ఉంటే 60 రోజుల ముందు నోటీసివ్వాలి. అందరూ వాళ్లంతట వాళ్లే మానేస్తే ఈ తలనొప్పి ఏదీ ఉండదు మరి! అందుకే పదిమంది కలిసి లేబర్ ఆఫీసుకి వెళ్లి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, నకలు మీద స్టాంపు వేయించుకోండి. జీతం స్లిప్పులు కంపెనీ యాప్‌లో ఉంటే ఇవాళే దించుకో, ఐడీ ఆపేశాక ఏదీ దొరకదు.

ఇక పనంటావా, బ్రేజింగ్ వచ్చినవాడికి మన తడ దగ్గర శ్రీసిటీలోనే డైకిన్, బ్లూస్టార్ ఏసీ ఫ్యాక్టరీలున్నాయి, కనుక్కో. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో మాత్రం ‘ఆపరేటర్’ అని ఊరుకోకుండా రాగి పైపుల బ్రేజింగ్ అని రాయించుకో.