‘మాలపల్లి’ని 1922లో కూర్చుని చదవండి

రచయిత జీవితం, ఆయన బతికిన కాలం తెలియకుండా రాజకీయ నవల అర్థమవుతుందా, తెలిస్తే ఏం తేడా వస్తుంది అని అడిగారు. కథ ఎలాగూ అర్థమవుతుంది. రచయిత లోపల దేనితో పెనుగులాడుతున్నాడో మాత్రం అందదు. నాకు బాగా తెలిసిన ఒక్క పుస్తకం పట్టుకుని చెప్తాను.

ఎం.ఏ.లో మాకు ఉన్నవ లక్ష్మీనారాయణ నవల ‘మాలపల్లి’ పాఠంగా ఉండేది. గైడులో ఆయన గురించి అరపేజీ: గాంధేయవాది, సంఘ సంస్కర్త, అంతే. పరీక్షకి అది సరిపోతుంది. నవల చదివేటప్పుడు అదే అడ్డం పడుతుంది, ఎందుకంటే గాంధేయవాది రాసిన పుస్తకం అనుకుని మొదలుపెడితే జగ్గడు మింగుడు పడడు. మాలపల్లిలో ఉండే రామదాసు కొడుకుల్లో ఇద్దరిని చూడండి. సంగదాసు కూలీలని కూడగడతాడు, చెయ్యెత్తడు. ఆసామి చౌదరయ్య చేతి దెబ్బకి ప్రాణం పోగొట్టుకుంటాడు. అన్న వెంకటదాసు జగ్గడన్న పేరుతో బందిపోటై, ఉన్నవాళ్ళని కొట్టి లేనివాళ్ళకి పెడతాడు. మరి రచయిత ఎవరి వైపు? క్లాసులో మా మాస్టారు ‘తమ్ముడి వైపే’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అన్న కనిపించే పేజీల్లో ఆ ఊపు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పలేదు.

ఉద్యోగంలో చేరాక మళ్ళీ తీశాను. ఈసారి పక్కన ఒక కాగితం మీద సంవత్సరాలు వేసుకున్నాను. 1877లో గుంటూరు జిల్లాలో పుట్టుక. వీరేశలింగం బాటలో వితంతు వివాహాలు చేయించడం. తర్వాత డబ్లిన్‌లో బారిస్టరు చదువు. ఐర్లండు ఇంగ్లండు మీద కుతకుతలాడుతున్న దశాబ్దం అది (మన వి.వి. గిరి గారు చదివిందీ అక్కడే, ఆ రోజుల్లోనే). 1917లో రష్యా విప్లవం. 1920లో సహాయ నిరాకరణ. 1921లో పల్నాడులో అడవి, పుల్లరి (పశువుల మేత పన్ను) గొడవలు. వాటిలో దిగినందుకే ఆయన్ని జైల్లో పెట్టారు, నవల రాసింది రాయవెల్లూరు జైల్లో.

ఇక 1922 చూడండి. ఫిబ్రవరిలో చౌరీచౌరాలో హింస, దాంతో గాంధీ ఉద్యమం ఆపేశారు. అదే నెల పల్నాడులో పుల్లరి పోరాటం నడిపిన కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. ఆగస్టులో మన్యంలో అల్లూరి సీతారామరాజు పోలీసు స్టేషన్ల మీద పడ్డాడు. నవల వెలువడింది ఆ ఏడే. 1947 ఎలా వచ్చిందో మనకి తెలుసు కాబట్టి సంగదాసు దారే సరైనదని ఇప్పుడు తేలిగ్గా అనేస్తాం. ఆ మాట ఉన్నవకి ఎవరూ చెప్పలేదు. నా లెక్కలో ఆ అన్నదమ్ములిద్దరూ ఆయన తనతో తాను పడిన వాదం. తీర్పు ఇవ్వలేదంటే చేతకాక కాదు, అప్పటికి దేశంలోనే తీర్పు రాలేదు. మద్రాసు ప్రభుత్వానికి ఇది ఏ విమర్శకుడికన్నా ముందే అర్థమైనట్టుంది, 1923లోనే నిషేధించింది. ఆ తర్వాత మార్పులతో అనుమతి, మళ్ళీ నిషేధం. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాకగానీ ఆ పీడ వదల్లేదు.

కాలం అంటే పెద్ద పెద్ద ఘటనలే అనుకోకండి. నవలలో గొడవ మొదలయ్యేది కూలి దగ్గర. ధాన్యం ధర పెరిగేసరికి ఆసాములు గింజలు కొలవడం మాని డబ్బులిస్తామంటారు, కూలీలు గింజలే కావాలంటారు. ఇదేం పోరాటం, డబ్బులైతే ఇంకా మంచిదేగా అనిపించింది నాకు. మా తాతయ్యది తెనాలి వైపు. సెలవులకి వెళ్ళినప్పుడు అడిగితే నవ్వారు. ‘కుంచం కొలిస్తే ఆ పూట పొయ్యి వెలుగుద్ది. రూపాయి చేతిలో పెడితే, దానికి ఎన్ని గింజలొచ్చేదీ కొట్టువాడు చెప్తాడు’ అన్నారు. కాసేపాగి, ‘మనం కొలిచిచ్చే వైపు వాళ్ళంలే’ అని కూడా అన్నారు. యుద్ధం తర్వాత ధరలు మండిపోయిన ఆ కాలంలో, అంతవరకూ ఆసామి మీదున్న భారం కూలివాడి మీదికి జారిపోవడమే ఆ మార్పు. అది తెలిశాక ఆ అధ్యాయాలు వేరే పుస్తకంలా చదివాను.

తాతయ్య అన్న రెండో మాట ఉన్నవకీ వర్తిస్తుంది. జైలు పేజీలు చదవండి, అక్కడ ఆయన లోపల ఉండి చూసిన మనిషి. మాలపల్లి ఇంటి విషయానికొస్తే వాకిట్లో నిలబడి చూసినట్టుంటుంది. రామదాసు అంత నిర్మలంగా, అంత వేదాంతిగా ఎందుకున్నాడు? అగ్రవర్ణ పాఠకుడు గౌరవించాలంటే అలా ఉంటేనే గౌరవిస్తాడని రచయిత అనుకున్నాడేమో. దళిత విమర్శకులు తర్వాత ఈ చూపునే నిలదీశారు, వాళ్ళది న్యాయమైన పట్టు. ‘ఆ కాలానికి అంతే’ అని దులిపేసుకోవడం నాకు నచ్చదు. అదే కాలంలో భాగ్యరెడ్డివర్మ లాంటి దళిత నాయకులు హైదరాబాదులో తమ గురించి తామే మాట్లాడుతున్నారు.

కాబట్టి రచయిత జీవితం చదవండి గానీ ‘గాంధేయవాది’, ‘సోషలిస్టు’ లాంటి చీటీ కోసం కాదు. రాసేనాటికి ఆయనకి ఏం తెలుసు, ఇంకా ఏం తెలియదు, ఏది లోపలుండి చూశాడు, ఏది బయటుండి చూశాడు, ఈ నాలుగూ వెతకండి. ‘మాలపల్లి’ లావు చూసి జంకితే ముందు ఆయన నాటకం ‘నాయకురాలు’ పట్టుకోండి, 1926 నాటిది. పల్నాటి యుద్ధం కథ అని పక్కన పెట్టకండి. పుల్లరి గొడవలో జైలుకెళ్ళొచ్చిన మనిషి అదే పల్నాటికి తిరిగి వెళ్ళి, నాగమ్మనీ, అన్ని కులాలూ కలిసి తినే బ్రహ్మనాయుడి చాపకూటినీ ఎందుకు ఎత్తుకున్నాడో చూడండి.