నెల్లూరు తీరంలో పెద్దగా ఎవరికీ తెలియని ఊరంటే నేను దుగరాజపట్నం పేరే చెబుతాను

"నెల్లూరు వైపు సముద్రం ఒడ్డున, యాత్రికులు పోని, నెట్‌లో వెతికినా ఏమీ దొరకని పల్లె ఏదైనా ఉందా? దగ్గరగా చూసినవాళ్ళు చెప్పండి" అని ఒకరు అడిగారు.

ఉంది. వాకాడు మండలం దుగరాజపట్నం. ఆ మండలంలో కొన్నేళ్ళు టీచరుగా పనిచేశాను. నా క్లాసులో చాలామంది పిల్లలు చుట్టుపక్కల పట్టపుపాళేల (చేపలు పట్టేవాళ్ళ పల్లెల) నుంచి వచ్చేవాళ్ళు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు వాకాడు తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, అక్కడివాళ్ళ నోట ఇప్పటికీ నెల్లూరు జిల్లానే. మాట, వంట, చుట్టరికాలు అన్నీ ఇటువైపే.

ముందు చరిత్ర చెబుతాను, ఎందుకంటే అది తెలిస్తే ఆశ్చర్యపోతారు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ రికార్డుల్లో ఈ ఊరు "ఆర్మగాన్". 1626 ప్రాంతంలో వాళ్ళు ఇక్కడ గిడ్డంగి కట్టి, 12 ఫిరంగులు పెట్టి కాపలా ఏర్పాటు చేసుకున్నారు. మద్రాసులో సెయింట్ జార్జ్ కోట అప్పటికి ఊహలో కూడా లేదు. మచిలీపట్నంలో నిలవడం కష్టమైనప్పుడు 1628లో అక్కడివాళ్ళు కూడా ఇక్కడికే వచ్చి తలదాచుకున్నారు. చివరికి ఇక్కడ కంపెనీ అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే దక్షిణానికి పోయి, బట్ట చవకగా, బాగా దొరికే చోటు చూసుకుని 1639లో మద్రాసు భూమి సంపాదించాడు. మరుసటి ఏడాది అందరూ అటు తరలిపోయారు. అంటే చెన్నై మహానగరం పుట్టింది ఈ పల్లెను వదిలేసి వెళ్ళినవాళ్ళ చేతిలోనే. అయినా మా పిల్లల పాఠ్యపుస్తకంలో ఈ ఊరి గురించి ఒక్క వాక్యం లేదు. నేనే బోర్డు మీద రాసి చెప్పేవాణ్ణి. "మన ఊరేనా సార్?" అని పదే పదే అడిగేవాళ్ళు.

ఇంగ్లీషువాళ్ళ కోట చూద్దామని మాత్రం వెళ్ళకండి, చూడటానికి ఏమీ మిగల్లేదు. మోనపాళెం దగ్గర లైట్‌హౌస్ ఉంది. దానికి ఇప్పటికీ ఆర్మగాన్ పేరే.

అసలు ఇంగ్లీషువాళ్ళు ఇక్కడే ఎందుకు దిగారు? తీరానికి కొంత దూరంలో నీళ్ళ కింద పొడుగాటి ఇసుక మేట ఉంది. దాని వెనక ఓడలకు అలల దెబ్బ తగ్గుతుంది. 19వ శతాబ్దంలోనూ బ్రిటిష్ నౌకాదళం వాళ్ళు ఈ చాటును కొలిచి, బ్లాక్‌వుడ్ హార్బర్ అని పేరు పెట్టారు. రేవు కడతారన్న మాట అప్పటి నుంచీ ఉంది. 2014 రాష్ట్ర విభజన చట్టంలో దుగరాజపట్నంలో పెద్ద ఓడరేవు, మొదటి దశ 2018కల్లా అని రాసే ఉంది. ఒక పక్క శ్రీహరికోట రాకెట్ కేంద్రం, ఇంకో పక్క పులికాట్ సరస్సు, అందుకే అభ్యంతరాలు వచ్చాయి, రేవు రాలేదు. ఇప్పుడు ఓడలు తయారుచేసే కేంద్రం అంటున్నారు. ఊళ్ళోవాళ్ళు ఆశపడుతున్నారు, భయపడుతున్నారు కూడా. రెండూ న్యాయమే.

నన్నడిగితే ఈ ఊరిని అర్థం చేసుకోవాల్సింది కోటతో కాదు, రేవుతో కాదు, రాయదొరువు ముఖద్వారంతో. పులికాట్ సరస్సు ఉత్తరపు కొసన సముద్రపు నీళ్ళు లోపలికి వచ్చే దారి అది. ఇక్కడి జీవనం మొత్తం ఆ దారి తెరుచుకుని ఉందా, పూడిపోయిందా అన్నదాని మీదే నడుస్తుంది.

ఎలాగంటే, రొయ్య సముద్రంలో గుడ్లు పెడుతుంది. పిల్ల రొయ్యలు పోటు నీళ్ళతో ముఖద్వారం గుండా సరస్సులోకి వచ్చి, అక్కడ పెరిగి, మళ్ళీ సముద్రానికి పోతాయి. ఈశాన్య రుతుపవనాల వానలకి కాళంగి, ఆరణి లాంటి ఏర్లు సరస్సులోకి మంచినీళ్ళు తెస్తాయి. ఆ వరద తోపుకి ఇసుక కోసుకుపోయి దారి తెరుచుకుంటుంది. వానలు తగ్గాక అలలు తీరం వెంట ఇసుకను ఈడ్చుకొచ్చి మళ్ళీ మూసేస్తాయి. సరస్సు లోతే తక్కువ, చాలాచోట్ల మనిషి నడిచి పోవచ్చు. దారి మూసుకుంటే ఎండాకాలంలో నీళ్ళు ఆవిరై, ఉప్పు పెరిగి, ఉత్తర భాగం బీటలు తీస్తుంది. పడవలు ఎండిన బురద మీద ఒరిగిపోయి ఉంటాయి. చేప దక్షిణానికి, తమిళనాడు వైపు నీళ్ళలోకి పోతుంది. మనవాళ్ళు దాని వెనకే పోతే అక్కడివాళ్ళతో గొడవ. సరిహద్దు తగాదా అని పేపర్లో వచ్చేదానికి మూలం చాలాసార్లు ఈ ఇసుకే.

ఒకప్పుడు ఊరంతా పారలు పట్టుకుని పోయి దారి తీసేవాళ్ళమని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. ఇప్పుడు మిషన్లు రావాలి, నిధులు రావాలి. తవ్విన చోట మళ్ళీ పూడుతుంది కాబట్టి ఒక్కసారి తవ్వి వదిలేస్తే లాభం లేదు, ఏటేటా చూసుకోవాలి. వీళ్ళకి జరగాల్సిన మేలు ఒక్కటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

క్లాసులో హాజరు చూస్తే సరస్సు సంగతి తెలిసిపోయేది. రొయ్యలు బాగా పడుతున్న రోజుల్లో మగపిల్లలు సగం రారు. అసలు పడని ఏడాది ఇంకా దారుణం. కుటుంబాలు పనికోసం చెన్నై వైపు పోతే పిల్లల పేర్లు రిజిస్టర్లో మాత్రమే ఉండేవి.

ఆడవాళ్ళ గురించి చెప్పకపోతే తప్పు. చేప ఒడ్డుకి చేరాక పని అంతా వాళ్ళదే. తెల్లారకముందే షేర్ ఆటోల్లో గంపలు పెట్టుకుని వాకాడు, కోట ఊళ్ళకి పోతారు. మిగిలింది ఉప్పు చల్లి ఇసుక మీద ఎండబెడతారు. అప్పులు, బడి ఖర్చులు, పెళ్ళిళ్ళు, లెక్కలన్నీ వాళ్ళ నోటి మీదే ఉంటాయి. ఒక అవ్వ 1984 నవంబరు 14 తుఫాను గురించి చెప్పింది: "అన్నీ తాటాకిళ్ళే అబ్బాయా, ఒక్కటీ నిలబడలా. చెట్టు పట్టుకున్నోళ్ళు బతికారు." ఆ తుఫాను శ్రీహరికోట దగ్గరే తీరం దాటింది.

యానాదుల కుటుంబాలు కూడా ఈ చుట్టుపక్కల ఉన్నాయి. వలలు పెద్దగా లేకుండా చేతులతో పీతలు, చేపలు పట్టగల నైపుణ్యం వాళ్ళది. రాకెట్ కేంద్రం రాకముందు శ్రీహరికోట అడవి వాళ్ళది. ప్రయోగం ఉన్న రోజు పడవలు బయటికి పోకూడదు. పిల్లలకు పండగే గానీ, ఆ రోజు సంపాదన పోయినట్టే.

వెళ్ళాలనుకుంటే: గూడూరులో దిగి కోట, వాకాడు మీదుగా రోడ్డుంది. లాడ్జీలు లేవు, గూడూరులోనే బస చూసుకోండి. డిసెంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం, సరస్సులో నీళ్ళుంటాయి, ఫ్లెమింగోలు వస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరపడవల వేట నిషేధం. అప్పుడు మనుషులు తీరిగ్గా మాట్లాడతారు గానీ, చేతిలో డబ్బు ఆడని రోజులవి. చేపలు ఎండబెట్టే ఆడవాళ్ళని అడగకుండా ఫొటోలు తీయకండి. రాయదొరువు దాకా పోవాలంటే పడవవాళ్ళని అడగండి, డీజిల్ ఖర్చూ కూలీ కలిపి వాళ్ళు చెప్పింది ఇచ్చేయండి, బేరమాడకండి.