"అదే కదా చెప్పాను" అని క్లయింట్ ఆగిపోతుంటే

కౌన్సెలింగ్‌లో క్లయింట్ మాటను మీరు తిరిగి చెప్పినప్పుడల్లా వాళ్ళు "అదే కదా చెప్పాను" అని ఆగిపోతున్నారని, దాంతో వరుసగా ప్రశ్నలు వేయాల్సి వస్తోందని రాశారు. మీరు తిరిగి చెబుతున్నది విషయాన్ని, భావాన్ని కాదు. చికిత్సతో క్లయింటులో మార్పు రావడానికి మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో చెప్పిన షరతుల్లో సహానుభూతి ఉండటమే కాదు, అది కొంతైనా క్లయింటుకు అందడమూ ఒకటి.

క్లయింట్ "అన్నయ్య ఫోన్ చేస్తే ఎత్తడం మానేశాను" అన్నారనుకోండి. మీరు "ఫోన్ ఎత్తడం లేదన్నమాట" అంటే మాట అక్కడే ఆగుతుంది. "ఎత్తితే మళ్ళీ మాట పడాలని భయంగా ఉంది" అంటే ఒక అడుగు ముందుకు వేసినట్టు. ఒక్క అడుగే వేయండి, రెండు వేస్తే అది మీ ఊహే. తప్పయినా కంగారు పడొద్దు. "భయం కాదండీ, విసుగు" అని వాళ్ళే సరిదిద్దుతారు, మీకు కావలసింది ఆ దిద్దుబాటే.

వాక్యం చివర గొంతు పైకి లేస్తే అది ప్రశ్నగా వినబడుతుంది, కాబట్టి దించి చెప్పండి. తర్వాత ఐదారు సెకన్లు మౌనంగా ఉండండి. కొత్తవాళ్ళు ఎక్కువగా తడబడేది ఈ మౌనం దగ్గరే.

సాధనకు, అనుమతితో రికార్డు చేసిన సెషన్‌లో 20 నిమిషాలు అక్షరాలా రాసి, మీ ప్రశ్నలెన్ని, ప్రతిఫలనాలు (క్లయింట్ మాటను తిరిగి చెప్పినవి) ఎన్ని అని లెక్కపెట్టండి. మార్పుకు క్లయింట్ సొంత కారణాలనే బయటికి తెచ్చే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అనే కౌన్సెలింగ్ పద్ధతిలో మంచి కొలత ఒక ప్రశ్నకు రెండు ప్రతిఫలనాలు, వాటిలో సగమైనా మాట వెనుక అర్థాన్ని పట్టుకున్నవి.

ఆత్మహత్య ఆలోచన వినబడితే మాత్రం ఇదంతా పక్కన పెట్టి సూటిగా అడగండి, సూపర్‌వైజరుకు వెంటనే చెప్పండి.